నూనె చుక్కతో పోరు: చేతి గడియారం గుండెలో వచ్చిన మార్పు

పాత హెచ్‌ఎంటీ వాచీల డయలు మీద చిన్న అక్షరాల్లో "17 జ్యువెల్స్" అని ఉండేది. అవి నిజంగా కెంపులే, కాకపోతే కొలిమిలో తయారైనవి. కృత్రిమ కెంపును చవగ్గా చేసే పద్ధతిని ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త వెర్నెయ్ 1902లో బయటపెట్టాక, రత్నం సామాన్యుడి వాచీలోకి కూడా వచ్చేసింది. నగల కొట్టులో వాటికి విలువ లేదు. ఇరుసు మొన ఉక్కులో తిరిగితే అరిగిపోతుంది, నున్నటి గట్టి రాతిలో తిరిగితే ఏళ్ల తరబడి నిలుస్తుంది. వాటిని పెట్టింది అందుకే.

ఆ పదిహేడు రాళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో లెక్క వేస్తే ఒక సంగతి తేలుతుంది. నిమిషాలనూ సెకన్లనూ నడిపే మూడు చక్రాలకు కలిపి ఆరు. మిగిలిన పదకొండూ ఒకే మూలన గుమికూడి ఉంటాయి: అటూ ఇటూ ఊగే బాలెన్స్ చక్రానికి ఐదు, పాలెట్ అనే చిన్న లంగరు ముక్కకు నాలుగు, దాన్ని తట్టే పళ్ల చక్రానికి రెండు. ఆ మూల పేరు ఎస్కేప్‌మెంట్. రాపిడి ఎక్కడ ఎక్కువో రాళ్లూ అక్కడే ఎక్కువ. జనతా వాచీ అయినా, కోటి రూపాయల స్విస్ వాచీ అయినా ఇందులో తేడా లేదు.

లగ్జరీ వాచీ అనగానే మాట బంగారం మీదికో, వజ్రాల మీదికో, పేరు మీదికో వెళ్తుంది. ఇంజనీరింగు గురించి మాట్లాడేవారు కూడా ఎక్కువగా భాగాల సంఖ్య దగ్గరే ఆగిపోతారు. వషెరాన్ కాన్‌స్టాంటాన్ అనే స్విస్ కంపెనీ 2015లో 57 ప్రత్యేక పనులు చేసే జేబు గడియారాన్ని తెచ్చింది. అందులో 2,800కు పైగా భాగాలున్నాయి. అది గొప్ప పనితనమే. కానీ గత యాభై ఏళ్లలో వాచీ లోపల మూలం దాకా వెళ్లిన మార్పు మాత్రం ఆ పదకొండు రాళ్ల మూలనే జరిగింది. భాగాలు పెంచడం దాని లక్ష్యం కాదు. ఒక నూనె చుక్క అవసరాన్ని తగ్గించడం దాని లక్ష్యం.

నూనె చుక్క అంత పెద్ద సమస్య ఎందుకయిందో తెలియాలంటే వాచీ నడిచే తీరు తెలియాలి. కీ ఇచ్చినప్పుడు మెయిన్ స్ప్రింగు చుట్టుకుంటుంది. అది నిండిన చెరువు లాంటిది. గట్టు తెగితే నీళ్లన్నీ ఒక్కసారిగా పోయినట్టే, ఎస్కేప్‌మెంట్ తీసేస్తే నిండా చుట్టిన స్ప్రింగు కూడా కొన్ని క్షణాల్లో విప్పుకుపోతుంది, ముళ్లు గిర్రున తిరిగి ఆగిపోతాయి. చెరువుకు తూము ఎలాగో స్ప్రింగుకు ఎస్కేప్‌మెంట్ అలాగ. శక్తిని కొలిచి కొలిచి వదులుతుంది. పళ్ల చక్రంలో ఒక్కో పన్ను ఒక్కో విడత తప్పించుకుని పోతుంది కాబట్టే దానికి ఆ పేరు. మనకు వినిపించే టిక్కు, పారిపోబోతున్న పన్నును పాలెట్ పట్టి ఆపిన చప్పుడు.

మన పాత కాలమానం కూడా నిజానికి తూము లెక్కే. అడుగున సన్నటి బెజ్జం ఉన్న గడియకుడుక నీటిలో తేలుతూ, నిండి మునిగితే ఒక గడియ, అంటే 24 నిమిషాలు. గడియారం అన్న మాటలోనే ఆ గడియ ఉంది. అక్కడ బెజ్జం మారకపోతే చాలు. ఇక్కడ తూము సెకనుకు ఎనిమిది సార్లు తెరుచుకుని మూసుకుంటుంది.

ఎస్కేప్‌మెంట్‌కు రెండో పని కూడా ఉంది. బాలెన్స్ చక్రం హెయిర్‌స్ప్రింగు అనే సన్నటి చుట్టల తీగ బలంతో ఊయలలా అటూ ఇటూ ఊగుతుంది. వదిలేస్తే కాసేపటికి ఆగిపోతుంది. ప్రతి ఊపులోనూ దానికి చిన్న తోపు కావాలి. ఊయల ఊపడం తెలిసినవారికి ఇందులో మెళకువ చెప్పనక్కరలేదు. ఊగు మధ్యలో ఉండగా, ఊగే దిశలోనే, సరిగ్గా అంతే బలంతో తోసి, వెంటనే చెయ్యి తీసెయ్యాలి. చెయ్యి ఊయలకు రాసుకుంటూ ఉంటే ఊపు చెడుతుంది.

సమస్యంతా ఆ రాసుకోవడంలో ఉంది. లండన్ గడియార శిల్పి థామస్ మడ్జ్ 1750లలో కనిపెట్టిన లీవర్ ఎస్కేప్‌మెంట్, తర్వాతి మెరుగులతో ఈనాటికీ యాంత్రిక వాచీలన్నిటికీ దాదాపు ఆధారం. అందులో పళ్ల చక్రం పన్ను పాలెట్ రాయి ఏటవాలు ముఖం మీద జారుతూ పోతుంది. ఆ జారుడే పాలెట్‌ను పక్కకు నెడుతుంది, పాలెట్ బాలెన్స్‌ను తోస్తుంది. ఊయలను అరచేతితో నేరుగా నెట్టకుండా, దాని అంచున ఏటవాలు పలకను ఈడ్చి కదిలించినట్టు ఉంటుంది ఈ పద్ధతి. ఇది నమ్మకమైనది, కుదుపులకు తట్టుకుంటుంది, ఆగినా తనంతట తానే మళ్లీ మొదలవుతుంది. జారుడు లేకుండా మాత్రం పని చెయ్యదు. జారుడు ఉన్నచోట నూనె ఉండక తప్పదు.

ఇప్పుడు అంకెలు చూద్దాం. నేటి వాచీల్లో ఎక్కువ భాగం గంటకు 28,800 సార్లు టిక్కుమంటాయి. అంటే రోజుకు 6,91,200. ఏడాదికి పాతిక కోట్లకు పైగా. ఇందులో సగం సార్లు ఒక రాయి మీద, సగం సార్లు రెండో రాయి మీద పన్ను జారుతుంది. ఆ రాయి ముఖం మీద ఉండేది సూది మొనంత నూనె. ఎక్కువ వేస్తే పాకిపోయి ఎక్కడ ఉండాలో అక్కడ మిగలదు. తక్కువ వేస్తే ఎండిపోతుంది. సరిగ్గా వేసినా కాలం గడిచేకొద్దీ చిక్కబడుతుంది, దుమ్ము పడుతుంది, చలికి గట్టిపడుతుంది. పందొమ్మిదో శతాబ్దంలో అమెరికాలోని న్యూ బెడ్‌ఫర్డ్ రేవులో డాల్ఫిన్ లాంటి సముద్ర జీవుల దవడల నుంచి నూనె తీసి ప్రపంచమంతటా గడియారాలకు అమ్మేవారు, చలిలో కూడా గడ్డకట్టదని. నేటి నూనెలు ప్రయోగశాలలో తయారైనవి, ఎంతో మెరుగైనవి. అయినా ఐదారేళ్లకొకసారి వాచీ విప్పి, కడిగి, మళ్లీ నూనె వెయ్యాలన్న నియమం పోలేదు.

నూనె చిక్కబడితే బాలెన్స్‌కు అందే తోపు తగ్గుతుంది, ఊపు చిన్నదవుతుంది. ఆరోగ్యంగా ఉన్న వాచీని బల్ల మీద పడుకోబెడితే బాలెన్స్ ఒక్కో వైపుకు 270 నుంచి 300 డిగ్రీల దాకా తిరుగుతుంది. అది 200కు దిగజారిందంటే నూనె పని అయిపోయినట్టే. ఊపు పెద్దదైనా చిన్నదైనా పట్టే సమయం ఒకటే ఉండాలన్నది సిద్ధాంతం. డచ్ శాస్త్రవేత్త హైగెన్స్ 1675లో బాలెన్స్‌కు చుట్టల స్ప్రింగు తగిలించింది ఆ ఆశతోనే. ఆచరణలో అది పూర్తిగా నెరవేరదు. ఊపు మారితే వాచీ ముందుకో వెనక్కో పోతుంది. రోజుకు 86,400 సెకన్లు. స్విట్జర్లాండ్‌లో క్రోనోమీటర్, అంటే అతి కచ్చితమైన గడియారం, అనిపించుకోవడానికి పెట్టే పరీక్ష రోజుకు 4 సెకన్ల వెనుకబాటు నుంచి 6 సెకన్ల ముందడుగు వరకే ఒప్పుకుంటుంది. ఐదు సెకన్ల తప్పంటే పదిహేడు వేలలో ఒక వంతు. ఆ హద్దులో వాచీని పదేళ్లు నిలబెట్టాలనుకునేవారికి మొదటి శత్రువు నూనె ముసలితనం.

ఈ సంగతి బాగా ఎరిగినవాడు అబ్రహాం-లూయీ బ్రెగే. స్విట్జర్లాండ్‌లోని నూషాటెల్‌లో 1747లో పుట్టి, పారిస్‌లో దుకాణం పెట్టిన మేధావి. మంచి నూనె ఇస్తే మంచి గడియారం ఇస్తానని ఆయన అన్నట్టు ఆ వృత్తివారు ఈనాటికీ చెప్పుకుంటారు. ఆయన పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది టూర్‌బియాన్. 1801లో ఆయన పేటెంట్ తీసుకున్న ఆ ఏర్పాటులో బాలెన్స్, ఎస్కేప్‌మెంట్ రెండూ ఒక చిన్న పంజరంలో కూర్చుని, సాధారణంగా నిమిషానికో చుట్టు తిరుగుతాయి. జేబు గడియారం రోజంతా నిలువుగా వేలాడుతుంది కాబట్టి బాలెన్స్ బరువులో ఏ మూల చిన్న తేడా ఉన్నా భూమ్యాకర్షణ వల్ల తప్పు ఒకే దిక్కున పేరుకుంటుంది. పంజరం తిరుగుతుంటే ఆ తప్పు అన్ని దిక్కులకూ పంచబడి రద్దవుతుంది. ఆలోచన అద్భుతం. కానీ చేతి మణికట్టు జేబు కాదు, రోజంతా వెయ్యి భంగిమల్లో కదులుతూనే ఉంటుంది. చేతి వాచీలో టూర్‌బియాన్ చూడముచ్చటగా ఉంటుంది, చేసినవారి చేతికి పరీక్ష కూడా. కాలాన్ని మెరుగ్గా చూపించే సాధనంగా దానికి ఇస్తున్న ధర మాత్రం న్యాయం కాదు.

అదే బ్రెగే చేసిన మరో ప్రయత్నం అంత పేరు తెచ్చుకోలేదు, కానీ ఈ కథకు అదే ముఖ్యం. ఆయన దాన్ని సహజ ఎస్కేప్‌మెంట్ అన్నారు. రెండు పళ్ల చక్రాలు ఒకదానికొకటి ఎదురుగా తిరుగుతూ, ఒక ఊపుకు ఒకటి, మరో ఊపుకు రెండోది బాలెన్స్‌ను నేరుగా తోస్తాయి. జారుడు లేదు, నూనె అక్కర్లేదు. కాగితం మీద ఇంతకన్నా అందమైన పరిష్కారం ఉండదు. ఆనాటి పనిముట్లతో చేసిన పళ్లల్లో మాత్రం వెసులుబాటు తప్పేది కాదు. రెండు చక్రాల మధ్య ఆ వదులు వల్ల పళ్లు వణికేవి. భారీ ఉక్కు చక్రాలు రెండింటిని ప్రతి టిక్కుకూ ఆపి మళ్లీ కదిలించడానికి శక్తి కూడా చాలా ఖర్చయ్యేది. బ్రెగే కొన్ని గడియారాలు చేసి ఆపేశారు.

ఓడల్లో రేఖాంశం కొలవడానికి వాడిన క్రోనోమీటర్లలో ఇంకో దారి దొరికింది. ఇంగ్లండ్‌లో ఆర్నాల్డ్, ఎర్న్‌షా అనే గడియార శిల్పులు మెరుగుపరచిన డిటెంట్ ఎస్కేప్‌మెంట్‌లో చక్రం బాలెన్స్‌ను నేరుగా తోస్తుంది, అక్కడ నూనె అవసరం లేదు. అయితే తోపు ఒక వైపు ఊపుకే. పెట్టెలో, కుదుపు తగలకుండా అమర్చిన ఇరుసుల మీద పడుకున్న గడియారానికి అది చాలు. చేతికి పెట్టుకుని బస్సెక్కితే మాత్రం ఒక్క కుదుపుకు లెక్క తప్పుతుంది, ఆగితే కదిపితే గానీ మొదలవదు.

అలా లీవర్ గట్టిదే కానీ జారుతుంది, డిటెంట్ జారదు కానీ కుదుపుకు ఓడుతుంది. రెండు శతాబ్దాల పాటు ఇక్కడే కథ ఆగింది. ఆ మధ్యలో 1969 డిసెంబరు 25న సీకో కంపెనీ టోక్యోలో ఆస్ట్రాన్ అనే, బ్యాటరీతో స్ఫటికాన్ని కంపింపజేసి కాలం లెక్కించే క్వార్ట్జ్ చేతి వాచీని అమ్మకానికి పెట్టింది. పదేళ్లు తిరక్కముందే చవక క్వార్ట్జ్ వాచీ ఏ రాజు గారి క్రోనోమీటర్ కన్నా సరైన సమయం చూపించసాగింది. స్విస్ వాచీ పరిశ్రమలో 1970లో సుమారు 90 వేల మంది పని చేసేవారు, 1980ల మధ్యకు 30 వేల చిల్లర మిగిలారు. యాంత్రిక వాచీకి ఇక కొత్త పరిశోధన ఎందుకన్న ప్రశ్నకు కంపెనీల దగ్గర జవాబు లేదు.

జవాబు ఇచ్చినది ఏ కంపెనీలోనూ ఉద్యోగి కాని ఒక మనిషి. జార్జ్ డేనియల్స్ 1926లో పుట్టి, లండన్‌లో పేద ఇంట్లో పెరిగారు. వాచీలు బాగుచేస్తూ పని నేర్చుకున్నారు. పాత బ్రెగే గడియారాలను పునరుద్ధరించడంలో ఐరోపాలోనే పేరున్న చెయ్యి అయ్యారు. తర్వాత సొంతంగా గడియారాలు చెయ్యడం మొదలుపెట్టారు, భాగాలన్నీ దాదాపు ఒంటి చేత్తో, తన కార్ఖానాలోనే. బ్రెగే ఎక్కడ ఆగిపోయారో వాచీలు విప్పి చూసిన మనిషి కాబట్టి, ఎక్కడ మొదలుపెట్టాలో ఆయనకు తెలుసు. 1970ల మధ్యలో, క్వార్ట్జ్ దెబ్బకు అందరూ చేతులెత్తేస్తున్న రోజుల్లోనే, ఆయన కో-యాక్సియల్ ఎస్కేప్‌మెంట్‌ను రూపొందించారు. 1980లో పేటెంట్ వచ్చింది.

దాని కిటుకు ఇది. ఒకే ఇరుసు మీద రెండు పళ్ల చక్రాలు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పాలెట్‌కు రెండు రాళ్ల బదులు మూడు రాళ్లు. నాలుగో రాయి బాలెన్స్ ఇరుసుకు బిగించిన బిళ్ల మీద. బాలెన్స్ ఒక దిక్కుకు ఊగేటప్పుడు పెద్ద చక్రం పన్ను నేరుగా ఆ బిళ్ల మీది రాయిని తోస్తుంది, డిటెంట్‌లో లాగా. ఎదురు దిక్కుకు ఊగేటప్పుడు చిన్న చక్రం పన్ను పాలెట్ మధ్య రాయిని తోస్తుంది, పాలెట్ బాలెన్స్‌ను తోస్తుంది. పాలెట్ చివరలున్న మిగతా రెండు రాళ్ల పని చక్రాన్ని ఆపడమే. లీవర్‌లో ఒకే రాయి ఆపడం, తోయడం రెండూ చేసేది. ఆ రెండు పనులనూ డేనియల్స్ విడదీశారు. తోసే రాయి మీద పన్ను ఏటవాలుగా ఈడ్చుకుంటూ పోదు, ఎదురుగా వచ్చి నెట్టి తప్పుకుంటుంది. తోపు రెండు వైపులా ఉంది కాబట్టి ఆగినా మొదలవుతుంది, కుదుపుకూ నిలుస్తుంది. డిటెంట్ సుగుణం, లీవర్ సుగుణం ఒక్కచోటికి చేరాయి.

ఈ పరిష్కారంలో మెచ్చుకోవలసినది దాని నిగ్రహం. కొత్త లోహం లేదు, కంప్యూటర్ లేదు. 1780లో బ్రెగే చేతికి ఈ బొమ్మ ఇస్తే ఆయన కూడా చేసి ఉండేవారు. రెండు వందల ఏళ్లు అందరి కళ్ల ముందున్న ముక్కలనే డేనియల్స్ వేరే వరసలో పేర్చారు.

దాన్ని స్విస్ కంపెనీలకు నచ్చజెప్పడానికి ఆయనకు దాదాపు పావు శతాబ్దం పట్టింది. వారి సొంత వాచీల్లోనే అమర్చి పట్టుకెళ్లి చూపించారు. పెద్ద కంపెనీలు చూశాయి, పరీక్షించాయి, పక్కన పెట్టాయి. వారి అభ్యంతరంలో న్యాయం లేకపోలేదు. లీవర్‌కు కావలసిన యంత్రాలు, నేర్పు, విడి భాగాలు అన్నీ వందేళ్లుగా సిద్ధంగా ఉన్నాయి. రెండు అంతస్తుల చక్రాన్ని పలుచని చేతి వాచీలో ఇమిడ్చి, ఏటా వేల సంఖ్యలో ఒకే కొలతతో చెయ్యడం ఒక శిల్పి ఒక్క గడియారం చెయ్యడంతో సమానం కాదు. చివరకు నికొలస్ హయెక్ నడిపిన స్వాచ్ గ్రూపు ఒప్పుకుంది. ఆ గ్రూపులోని ఒమెగా 1999లో కో-యాక్సియల్ ఉన్న డివిల్ వాచీని తెచ్చింది. శతాబ్దానికి పైగా లీవర్ ఏలిన చోట పరిశ్రమ స్థాయిలో నిలదొక్కుకున్న మొదటి కొత్త ఎస్కేప్‌మెంట్ అది.

కార్ఖానా మెట్టు ఎక్కాక అసలు ఇంజనీరింగు మొదలైంది. ఒమెగా మొదట దాన్ని ఉన్న యంత్రంలోనే ఇమిడ్చి, గంటకు 28,800 టిక్కుల వేగంతో నడిపింది. తర్వాత వేగాన్ని 25,200కు తగ్గించింది, ఈ అమరికకు అదే నప్పుతుందని. 2007లో కో-యాక్సియల్ కోసమే మొదటి గీత నుంచి గీసిన 8500 యంత్రం వచ్చింది. అందులో చక్రం రెండు అంతస్తుల నుంచి మూడు అంతస్తులకు మారింది. నూనె పూర్తిగా మాయం కాలేదు, కొన్ని చోట్ల పలచగా వేస్తూనే ఉన్నారు. అందువల్ల కొన్న మొదటి రోజు కో-యాక్సియల్ లీవర్‌ను చిత్తు చేస్తుందని అనుకోకూడదు. మెరుగుపరచిన లీవర్‌తోనే రోలెక్స్ 2015 నుంచి రోజుకు రెండు సెకన్ల హద్దును పాటిస్తోంది. డేనియల్స్ పని విలువ కొత్త వాచీలో కన్నా నాలుగైదేళ్లు చేతికి ఉన్న వాచీలో తెలుస్తుంది. మొదటి రోజు నడక అయిదో ఏట కూడా నిలవాలన్నదే ఆయన పట్టు.

ఇంతలో మరో దారి తెరుచుకుంది. ఇది కంప్యూటర్ చిప్పుల కార్ఖానా నుంచి వచ్చింది. యులిస్ నార్డిన్ కంపెనీ 2001లో ఫ్రీక్ అనే వాచీని తెచ్చింది. దానికి కీ ఇచ్చే మర లేదు, మామూలు ముళ్లు కూడా లేవు. యంత్రమే డయలు మీద గంటకో చుట్టు తిరుగుతూ నిమిషాల ముల్లులా పని చేస్తుంది. చూసినవారందరూ దాని వేషాన్నే చూశారు. అందులో లుడ్విగ్ ఓక్స్‌లిన్ పెట్టిన ఎస్కేప్‌మెంట్ చక్రాలు రెండూ సిలికాన్‌తో చేసినవి. బ్రెగే సహజ ఎస్కేప్‌మెంట్‌ను తలపించే అమరిక అది, రెండు చక్రాలు, నేరుగా తోపు. రెండు వందల ఏళ్ల కిందట ఆలోచన తప్పు కాదని, పదార్థమే చాలలేదని అప్పుడు తేలింది.

సిలికాన్ బరువు అదే పరిమాణం ఉక్కులో మూడో వంతు కూడా ఉండదు. తేలికైన చక్రాన్ని ఆపి మళ్లీ కదిలించడానికి శక్తి తక్కువ పడుతుంది. దాన్ని చిప్పు లాగే బిళ్ల మీద కాంతితో ఆకారం గీసి, వాయువులతో కొరికి తీస్తారు. ఒకే బిళ్ల నుంచి వందల భాగాలు, అన్నీ మిల్లీమీటరులో వెయ్యో వంతు తేడాకు లోబడి వస్తాయి. ఆకురాయి పట్టనక్కరలేదు. ఉపరితలం ఎంత నున్నగా వస్తుందంటే చాలా చోట్ల నూనె లేకుండానే నడుస్తుంది. పైగా అయస్కాంతం దాన్ని అంటదు. పటెక్ ఫిలిప్ 2005లో సిలికాన్ పళ్ల చక్రాన్ని, 2006లో సిలికాన్ హెయిర్‌స్ప్రింగును తెచ్చింది.

హెయిర్‌స్ప్రింగు విషయంలో సిలికాన్‌కు ఒక లోపం ఉంది. వేడికి మెత్తబడుతుంది, వాచీ వెనకబడుతుంది. ఉక్కుకూ అదే జబ్బు. ఆ జబ్బుకు లోహాలతో మందు కనిపెట్టిన స్విస్ శాస్త్రవేత్త షార్ల్ ఎడ్వార్ గియోమ్‌కు 1920లో భౌతిక శాస్త్ర నోబెల్ వచ్చింది. నికెల్ కలిసిన ఉక్కు మిశ్రమాల మీద పనికి అది. సిలికాన్‌కు మందు ఇంకా తేలిక. దాని మీద సిలికాన్ డయాక్సైడ్ పూత పెంచుతారు. వేడికి లోపలిది మెత్తబడితే పైపూత గట్టిపడుతుంది, రెండూ ఒకదాన్నొకటి సరిచేసుకుంటాయి.

అయస్కాంతం సంగతి ఈ రోజుల్లో ప్రతి ఇంటికీ సంబంధించినది. ఫోను స్పీకర్లో, టాబ్లెట్ కవర్లో, చేతిసంచి బొత్తాంలో అయస్కాంతాలు ఉంటాయి. లోహపు హెయిర్‌స్ప్రింగు అయస్కాంతానికి లోనైతే చుట్టలు ఒకదానికొకటి అంటుకుని వాచీ రోజుకు నిమిషాల కొద్దీ ముందుకు పరుగెడుతుంది. పాత మందు, యంత్రం చుట్టూ మెత్తటి ఇనుప తొడుగు పెట్టడం. ఒమెగా 2013లో తొడుగు మానేసి, యంత్రంలో అయస్కాంతానికి లొంగే భాగాలనే మార్చేసి 15,000 గాస్ (అయస్కాంత బలానికి కొలమానం) దాకా తట్టుకునే వాచీని చూపించింది. అడ్డు గోడ కట్టే బదులు రోగం అంటని ఒళ్లు ఇవ్వడం అది. తొడుగు లేదు కాబట్టి వెనక అద్దం పెట్టి యంత్రాన్ని చూపించగలిగారు కూడా.

పోయిన ఐదారేళ్లలో ఇంకో రెండు కంపెనీలు అదే మూలకు వచ్చి చేరాయి. గ్రాండ్ సీకో 2020లో తెచ్చిన యంత్రం సెకనుకు పది టిక్కులు వేస్తూ 80 గంటలు నడుస్తుంది. అందులో ఒక వైపు ఊపుకు చక్రం బాలెన్స్‌ను నేరుగా తోస్తుంది, మరో వైపుకు పాలెట్ ద్వారా తోస్తుంది. డేనియల్స్ చూపిన దారికి దగ్గర బంధువు. రోలెక్స్ 2025లో లాండ్-డ్వెల్లర్ వాచీలో డైనాపల్స్ అనే ఎస్కేప్‌మెంట్‌ను పెట్టింది. రెండు సిలికాన్ చక్రాలు జారకుండా దొర్లుతూ ఒక చిన్న ఊగుముక్క ద్వారా బాలెన్స్‌ను తోస్తాయి. ఒకప్పుడు కొత్త ఎస్కేప్‌మెంట్ అంటే తల అడ్డంగా ఊపిన పరిశ్రమలో అందరికన్నా జాగ్రత్తగా అడుగు వేసే కంపెనీ కూడా లీవర్‌ను దాటి రావడం చిన్న విషయం కాదు.

ఈ బాటకు పూర్తిగా పక్కన నడిచిన మనిషి జపాన్‌లో ఒకరుండేవారు. సీకో ఇంజనీరు యోషికాజు అకహానే 1977లో ఒక ప్రశ్న వేసుకున్నారు. తూము సెకనుకు ఎనిమిది సార్లు మూసుకోవడం వల్లే కదా ఈ దెబ్బలు, ఈ రాపిడి, ఈ నూనె. అసలు మూయకుండా, నీరు ఒకే ధారగా పారుతుండగా వేగాన్ని అదుపు చెయ్యలేమా? ఆయన రూపకల్పనలో శక్తి మెయిన్ స్ప్రింగు నుంచే వస్తుంది. చివరి చక్రం మాత్రం టిక్కుమనదు, సెకనుకు ఎనిమిది చుట్లు తిరుగుతూ తీగ చుట్టల మధ్య చిన్న డైనమోలా అతి కొంచెం కరెంటు పుట్టిస్తుంది. ఆ కరెంటుతో ఒక క్వార్ట్జ్ స్ఫటికం నడిచి వేగాన్ని కొలుస్తుంది. వేగం మించితే అయస్కాంత బలంతో, ఎక్కడా తాకకుండా, బ్రేకు పడుతుంది. బ్యాటరీ లేదు. తాకిడి లేదు కాబట్టి అక్కడ అరుగుదలా లేదు. సెకన్ల ముల్లు గంతులు వెయ్యకుండా నీటి మీద ఆకులా జారుతుంది. రోజుకు ఒక సెకను తేడా. దాని పేరు స్ప్రింగ్ డ్రైవ్.

ఆయన 600కు పైగా నమూనాలు చేయించారని సీకో చెబుతుంది. మొదట్లో స్ఫటికం, చిప్పు ఖర్చు చేసే కరెంటు, స్ప్రింగు పుట్టించగల దానికన్నా ఎక్కువ. చిప్పుల ఆకలి తగ్గే దాకా ఆగవలసి వచ్చింది. స్ప్రింగ్ డ్రైవ్ 1999లో బజారుకు వచ్చింది, కో-యాక్సియల్ వచ్చిన ఏడాదే. అకహానే 1998లో కన్నుమూశారు. ఇది యాంత్రిక వాచీయేనా, క్వార్ట్జ్‌కు మారువేషమా అని అభిమానులు ఇప్పటికీ వాదించుకుంటారు. ముళ్లను తిప్పేది స్ప్రింగే, కరెంటు చేసేది కాపలా మాత్రమే. యాంత్రికం కాదనడం అకహానే శ్రమకు అన్యాయం.

అందరి పందేలూ నెగ్గలేదు. జెనిత్ 2017లో బాలెన్స్, హెయిర్‌స్ప్రింగు, పాలెట్ అన్నిటినీ తీసేసి, వాటి 30 దాకా భాగాల బదులు అర మిల్లీమీటరు మందం ఉన్న ఒకే సిలికాన్ బిళ్ల పెట్టింది. బిళ్లలోనే సన్నటి కమ్మీలు వంగుతూ సెకనుకు పదిహేను సార్లు అటూ ఇటూ కంపిస్తాయి. ఇరుసే లేదు కాబట్టి ఇరుసు రాపిడి లేదు. ఆ తొలి వాచీలు పదే చేశారు. ఆలోచన మాత్రం ఇప్పటి దాకా చూసినవాటిలో అన్నిటికన్నా తెగింపు ఉన్నది. పలుచదనం కోసం జరుగుతున్న పరుగు కూడా ఉంది, 2 మిల్లీమీటర్ల లోపు మందంలో పూర్తి వాచీ. కేసు వెనక రేకునే యంత్రానికి పునాది పలకగా వాడి బల్గారి 2022లో రికార్డు పెడితే, రిషార్ మిల్ అదే ఏడాది దాన్ని మించింది. అది రికార్డుల పోటీ. దాని నుంచి మామూలు వాచీకి చేరిన లాభం ఇంకా కనబడలేదు.

సిలికాన్‌తో తేలని ప్రశ్న ఒకటి మిగిలి ఉంది. బెంగుళూరులో 1961లో జపాన్ సిటిజన్ సాయంతో మొదలైన హెచ్‌ఎంటీ ఫ్యాక్టరీ మూతపడి ఏళ్లయినా, ఆ వాచీలు ఇంకా నడుస్తున్నాయి. ఆంధ్ర, తెలంగాణల్లో ఏ ఊరి బజారులోనైనా కంటికి భూతద్దం బిగించుకుని కూర్చున్న రిపేరు మనిషి వాటిని విప్పి, పెట్రోలులో కడిగి, నూనె వేసి నడిపించగలడు. ఇరుసు విరిగితే ఇంకో పాత వాచీలోది వేస్తాడు. సిలికాన్ చక్రం గీసుకోదు, అరగదు, కానీ పట్టుకారు జారితే గాజులా పగులుతుంది. దాన్ని వంచి సరిచెయ్యడం, సానపట్టడం ఎవరి తరమూ కాదు. చేసిన కంపెనీ నుంచే కొత్తది రావాలి. నూనె కోసం ఐదేళ్లకొకసారి వాచీ విప్పే అవసరం తగ్గుతున్న మాట నిజం. విప్పవలసి వచ్చిన రోజున మాత్రం చేతిపని తెలిసినవాడికి చేసేదేమీ మిగలదు. మనవడికి ఇవ్వడానికి కొంటున్నామని చెప్పుకునే వస్తువుకు ఇది పెద్ద లోటు. లగ్జరీ కంపెనీలు దీని గురించి ప్రకటనల్లో మాట్లాడవు, మాట్లాడాలి.

డేనియల్స్ 2011లో ఐల్ ఆఫ్ మాన్ ద్వీపంలో చనిపోయారు. అదే ద్వీపంలో ఆయన శిష్యుడు రోజర్ స్మిత్ ఏటా గుప్పెడు వాచీలే చేస్తున్నారు, లోహంతోనే. గురువు రెండు చక్రాలను ఒక ఇరుసుకు విడివిడిగా బిగించేవారు. ఆ బిగింపులో వెంట్రుకవాసి వాటం తప్పినా తోపుకూ, చక్రాన్ని ఆపే తాళానికీ పొత్తు కుదరదు. స్మిత్ రెండు వరసల పళ్లనూ ఒకే చక్రంలో, రెండు ఎత్తుల్లో కోస్తున్నారు. బరువు తగ్గింది, వాటం తప్పే అవకాశం పోయింది.